బాలల క్రీడలు – మనోధైర్యము

ప్రొద్దు వాలి పశువులు ఇండ్లకు మరలు వేళ, రచ్చబండ ప్రక్కనున్న ఖాళీ స్థలములో పిల్లల కేకలు వినవచ్చుట మన పల్లెలకు తరతరాలుగా ఉన్న భాగ్యము. చెడుగుడు కూత, ఏడుపెంకులాటలో పెంకులు కూలిన చప్పుడు, తొక్కుడుబిళ్ళ గళ్ళలో ఒంటికాలిపై గెంతు బాలికల నవ్వులు – ఇవి లేని గ్రామమును ఊహించుట కష్టము. అయితే నేడు అనేక గ్రామములలో ఈ కేకలు సన్నగిల్లినవి. ఖాళీ స్థలములు ఇండ్ల స్థలములుగా మారినవి. సాయంకాలము ట్యూషనుకును, రాత్రి సెల్‌ఫోనుకును పోయినవి. ఆడుకొను పిల్లలలో సైతము కొందరికి ఆట ఆటగా మిగులలేదు. పతకము కొరకు, పేరు కొరకు, క్రీడల కోటాలో సీటు కొరకు, పదేండ్లు నిండకమునుపే పెద్దలు వారిచేత కఠిన సాధన చేయించుచున్నారు.

ఆట లేకుండుట ఒక నష్టము; వయస్సుకు మించిన ఆట మరియొక నష్టము. ఈ రెంటికిని నడుమ నున్న మార్గమేది? ఓడిన బిడ్డ కుంగిపోక, మరునాడు తిరిగి మైదానమునకు వచ్చునట్లు చేయునది ఏది? తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, గ్రామపెద్దలు తెలిసికొనవలసిన ఈ రెండు విషయములను ఇచట విచారింతము.

ఎంత ఆట అవసరము?

5 నుండి 17 సంవత్సరముల వయస్సు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములకు తగ్గకుండ ఒళ్ళు అలయునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వారమునకు కనీసము 3 దినములు ఎముకలకు, కండరములకు బలము చేకూర్చు పరుగు, దూకుడు వంటివి అందులో ఉండవలెను. ఒళ్ళు అలయుటకు గుర్తు ఏమనగా, ఆడుచున్న బిడ్డ మాటలాడగలడు గాని పాట పాడలేడు. అంతకన్న వేగముగా ఆడునప్పుడు నాలుగు మాటలు పలుకుటకే ఊపిరి చాలదు. ఇట్టి వేగము కూడ అప్పుడప్పుడు మంచిదే.

అయిదేండ్లలోపు పసివారి విషయము వేరు. 1 నుండి 4 సంవత్సరముల పిల్లలు దినములో పలు దఫాలుగా మొత్తము 180 నిమిషములు కదలుచు, ప్రాకుచు, పరుగెత్తుచు గడపవలెనని ఆ సంస్థయే 2019లో తెలిపినది. రెండేండ్లు నిండని బిడ్డకు ఫోను తెరగాని, టీ.వీ. తెరగాని చూపనేరాదనియు, 2 నుండి 4 ఏండ్ల బిడ్డకు దినమునకు ఒక గంటకు మించరాదనియు చెప్పినది. అన్నము తినిపించుటకై ఫోను చేతికిచ్చు తల్లులు ఈ సంగతి గమనింతురు గాక.

“మా పిల్లవాడు పొలమునకు వచ్చుచున్నాడు, నీళ్ళు మోయుచున్నాడు, అది వ్యాయామము కాదా?” అని కొందరు అడుగుదురు. ఇంటి పనిలో తోడ్పడుట మంచిదే, ఒంటికి మేలే. అయితే అది ఆటకు బదులు కాజాలదు. పని పెద్దలు చెప్పినది. ఆట బిడ్డ తాను కోరుకొన్నది. ఆటలో నియమమును తామే పెట్టుకొందురు, తగవు వచ్చినచో తామే తీర్చుకొందురు, జట్టును తామే పంచుకొందురు. ఈ శిక్షణ పొలములో లభింపదు. అందువలననే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తన 31వ అధికరణములో విశ్రాంతిని, ఆటను బాలల హక్కుగా పేర్కొన్నది. మన దేశము 1992లో దానిని అంగీకరించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ ప్రతి పాఠశాలకు ఆటస్థలమును, ఆట వస్తువులను విధించినది.

ఏ వయస్సుకు ఏ ఆట?

మొలకకు పోయు నీరు వేరు, మ్రానుకు పోయు నీరు వేరు. బిడ్డల ఆటయు అట్టిదే.

6 నుండి 9 సంవత్సరముల వరకు నేర్వవలసినవి మూలవిద్యలు: పరుగెత్తుట, దూకుట, విసరుట, పట్టుట, తూకము నిలుపుకొనుట. ఈ వయస్సున బుద్ధి ఒకదానిపై ఎక్కువసేపు నిలువదు. చిక్కు నియమములు తలకెక్కవు. దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ, కుంటాట, బంతులాట వీరికి తగినవి. ఒంటికాలిపై గెంతుచు గళ్ళు దాటునప్పుడు బిడ్డ తూకమును నేర్చుకొనుచున్నది. బిళ్ళను గడిలో పడవేయునప్పుడు కంటికిని చేతికిని పొందిక కుదురుచున్నది. దీనికి మైదానముగాని, కొనవలసిన సామానుగాని అవసరము లేదు. కోస్తాలో కర్రాబిళ్ళయని, తెలంగాణములో చిర్రగోనెయని పిలుచు ఆట కూడ ఇట్టిదే. కాని బిళ్ళ కంటికి తగులు ప్రమాదమున్నందున చూచువారు దూరముగా నిలువవలెను. ఈత నేర్పుటకు ఇది మంచి వయస్సు. అయితే ఈత వచ్చిన పెద్దవారు చేతికందు దూరములో లేనిదే పిల్లలను చెరువులోనికిగాని, వ్యవసాయపు బావిలోనికిగాని దిగనీయరాదు.

10 నుండి 12 సంవత్సరముల వయస్సున జట్టు అనగా నేమో తెలియవచ్చును. ఖోఖో, చెడుగుడు, వాలీబాలు, ఫుట్‌బాలు మొదలగు వానిని చిన్న బరిలో, తేలిక నియమములతో ఆడింపవలెను. ఒకే ఆటకు కట్టివేయక, ఏడాదిలో మూడు నాలుగు ఆటలు మార్చి ఆడించుట మేలు. జట్టులోని ప్రతి బిడ్డకును బరిలోనికి దిగు వంతు రావలెను. బాగుగా ఆడు నలుగురే ఆడి, తక్కినవారు గట్టుమీద కూర్చుండుట ఈ వయస్సున తగదు.

13 నుండి 15 సంవత్సరముల కాలము అతి జాగ్రత్తగా ఉండవలసినది. ఒక్క ఏడాదిలోనే కొందరు జానెడు ఎదుగుదురు. అదే తరగతిలో మరికొందరు పసివారివలె ఉందురు. నిన్నటివరకు చక్కగా పరుగెత్తిన బాలుడు, కాళ్ళు పొడవై, తడబడవచ్చును. అది సోమరితనము కాదు, ఎదుగుదల. ఈ దశలో వయస్సునుమాత్రమే చూడక ఒడ్డు పొడవులను కూడ చూచి జట్లు కట్టవలెను. పిల్లల కబడ్డీ పోటీలలో వయస్సుతోపాటు బరువుకు కూడ పరిమితి నిర్ణయించుట ఇందుకొరకే. ఆ బరువులో ఇముడుటకై బిడ్డను పస్తుంచుటగాని, నీరు త్రాగనీయకుండుటగాని ఎన్నడును చేయరాదు.

16వ ఏడు వచ్చిన పిదప, బిడ్డయే కోరుకొన్నచో, ఒక ఆటను ఎన్నుకొని దీక్షతో సాధన చేయవచ్చును.

లేత ఎముకల సంగతి

పిల్లల పొడవాటి ఎముకల చివరలందు మెత్తని మృదులాస్థి పొర ఒకటి ఉండును. ఎముక పొడవు పెరుగునది అక్కడనే. కౌమారము ముగియు నాటికి ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోవును. అంతవరకు ఆ చోటు బలహీనమే. ఒకే విసరును, ఒకే దూకును దినదినము వందలసార్లు చేయించినచో అచట నొప్పి, వాపు, ఒక్కొక్కప్పుడు పగులు కలుగును. ఎదుగు పిల్లలలో మోకాటి చిప్పకు దిగువన కనబడు నొప్పి తరచుగా ఇట్టి ఒత్తిడివలన వచ్చినదే. “ఆడగా ఆడగా అదే పోవును” అనుట తప్పు. నొప్పి తగ్గువరకు విశ్రాంతినిచ్చి, తగ్గనిచో వైద్యునికి చూపవలెను.

ఈ కారణముననే అమెరికా దేశపు బాలవైద్యుల అకాడమీ 2016లో కొన్ని సూచనలు చేసినది. ఒకే ఆటకు పరిమితమగుటను 15, 16 ఏండ్ల వరకు వాయిదా వేయవలెను. వారములో 1 లేక 2 దినములు సాధన నుండి పూర్తి విరామముండవలెను. ఏడాదిలో మొత్తము 3 నెలలు, నెల చొప్పున విడదీసి, ఆ ముఖ్యమైన ఆటకు సెలవునీయవలెను. ఆ నెలలలో ఇతర ఆటలు ఆడవచ్చును. క్రీడావైద్యులు తరచు చెప్పు లెక్క ఇంకొకటి కలదు: బిడ్డ వయస్సు ఎన్ని ఏండ్లో, వారములో కఠిన సాధన అన్ని గంటలకు మించరాదు. 11 ఏండ్ల బాలికకు వారమునకు 11 గంటలు. ఈ లెక్క ప్రతి తండ్రియు గుర్తుంచుకొనదగినది.

నార్వే నేర్పిన పాఠము

“చిన్ననాటినుండి పోటీ పెట్టనిదే గొప్ప ఆటగాడు ఎట్లు తయారగును?” అను సందేహము సహజము. దీనికి నార్వే దేశము సమాధానము చెప్పినది. ఆ దేశపు క్రీడాసమాఖ్య బాలల క్రీడలకు 1987లోనే నియమములు ఏర్పరచి, 2007లో బాలల క్రీడాహక్కులను ప్రకటించినది. వాని ప్రకారము 11వ ఏడు రాకమునుపు పిల్లల పోటీలలో ఫలితముల పట్టికలు, ర్యాంకులు ప్రకటింపరాదు. 13వ ఏడు రానిదే జాతీయస్థాయి పోటీలు లేవు. ఏ ఆట ఆడవలెనో, ఎంత ఆడవలెనో నిర్ణయించుటలో బిడ్డ మాటకు చోటుండవలెను.

ఇట్లు పెంచిన పిల్లలు మెత్తబడిపోయిరా? నార్వే జనాభా సుమారు 55 లక్షలు మాత్రమే. అయినను 2018 శీతకాల ఒలింపిక్ క్రీడలలో ఆ దేశము 39 పతకములు గెలిచి ప్రథమస్థానమున నిలిచినది; 2022లో 16 స్వర్ణములు సాధించినది. మంచు, ధనము, శిక్షణ సౌకర్యములు అందుకు తోడ్పడినవనుట నిజమే. కాని ఆటను ప్రేమించి పదునైదేండ్ల తరువాతను విడువని పిల్లలు ఎక్కువగా ఉన్న చోట ఆటగాళ్ళు ఎక్కువగా తేలుదురనుట కూడ నిజమే.

ఓటమిని ఓర్చుకొను శక్తి

మనోధైర్యమనగా ఏడ్వకుండుట కాదు. ఏడ్చిన పిదప కన్నీరు తుడుచుకొని లేచుట. ఇది పుట్టుకతో వచ్చు వరముమాత్రమే కాదు; పెంపకమువలన పెరుగు గుణము.

హవాయి ద్వీపములలోని కవాయ్ దీవిలో 1955లో జన్మించిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును దశాబ్దములపాటు పరిశీలించిరి. వారిలో పేదరికము, ఇంటిలో కలహములు, తల్లిదండ్రుల అనారోగ్యము వంటి కష్టముల నడుమ పెరిగినవారు అనేకులు. అట్టి పిల్లలలో మూడవవంతు మంది సమర్థులై, ఇతరులపై ఆదరము గల పెద్దలుగా ఎదిగిరి. వారి జీవితములలో తరచు కనబడిన అంశమేమనగా, తమను విడువక ప్రేమించిన పెద్దవారు ఒక్కరైనను ఉండిరి. ఆ ఒక్కరు అమ్మమ్మ కావచ్చును, మేనమామ కావచ్చును, బడిపంతులు కావచ్చును. మన గ్రామములలోని వ్యాయామోపాధ్యాయులు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను.

మెచ్చుకొనుటలో కూడ పద్ధతి కలదు. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు అయిదవ తరగతి పిల్లలకు కొన్ని చిక్కుప్రశ్నలిచ్చి, కొందరిని “నీవు తెలివైనవాడవు” అనియు, కొందరిని “నీవు బాగుగా శ్రమించితివి” అనియు మెచ్చుకొనిరి. పిదప కష్టమైన ప్రశ్నలలో విఫలులైనప్పుడు, తెలివిని మెచ్చుకొనబడినవారు త్వరగా నిరుత్సాహపడిరి. శ్రమను మెచ్చుకొనబడినవారు పట్టు విడువక ప్రయత్నించిరి. “నీవు పుట్టు ఆటగాడవు” అనుటకన్న “ఈ నెలలో నీ కూత దమ్ము పెరిగినది” అనుట మేలని దీని సారాంశము.

అమెరికాలో బేస్‌బాల్ ఆడు బాలురపై జరిగిన పరిశోధనలో, ప్రోత్సాహకరముగా మాటలాడుటను అభ్యసించిన శిక్షకుల జట్లలోని పిల్లలలో మరుసటి ఏడు ఆట మానినవారు 5 శాతము మాత్రమే. అట్టి అభ్యాసము లేని శిక్షకుల జట్లలో 26 శాతము. అది 1992లో వెలువడిన ఫలితము. పిల్లలు ఆట మానుటకు ఓటమికన్న పెద్దల నోరే తరచు కారణమని దీనివలన తెలియుచున్నది.

మన చెడుగుడులోనే ఈ పాఠము ఇమిడియున్నది. ఔటయిన ఆటగాడు గట్టున కూర్చుండును. తన జట్టువారు ఎదుటి పక్షమువానిని ఔటు చేయగనే లేచి మరల బరిలోనికి వచ్చును. పడినవాడు శాశ్వతముగా పడడు. తోటివారి శ్రమ అతనిని లేపును. ఈ నియమమును బిడ్డకు విడమరచి చెప్పుడు.

మన తెలుగు బిడ్డ పి.వి. సింధు 2017లోను, 2018లోను ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల అంతిమ ఆటలో వరుసగా ఓడినది. 2017లో తనను ఓడించిన జపాను క్రీడాకారిణి ఒకుహారనే 2019 అంతిమ ఆటలో ఓడించి ప్రపంచ విజేతయైనది. ఆ రెండు ఓటముల పిదప ఆమె ఆట మానియున్నచో ఆ మూడవ ఏడు వచ్చియుండెడిది కాదు.

ఓడిన దినమున ఏమనవలెను?

పోటీలో ఓడి ఇంటికి వచ్చిన పన్నెండేండ్ల బాలుని తలచుకొనుడు. “ఇంత తిండి పెట్టి పెంచినందుకు ఊరిలో తల దించితివి. ప్రక్కింటివాడిని చూడు!” అని తండ్రి గద్దించినచో, ఆ బాలుడు నేర్చుకొనునది ఒక్కటే: గెలిచిననాడే నేను వీరి బిడ్డను. తరువాత అతడు ఓటమిని దాచును, అబద్ధమాడును, లేదా ఆటనే మానును. పరీక్షలో తప్పిననాడును ఆ భయమే అతనిని వెంటాడును.

దానికి బదులుగా తండ్రి ఇట్లనవచ్చును: “రారా నాయనా, కాళ్ళు కడుక్కో. ముందు అన్నము తిను.” ఆకలి తీరి, దుఃఖము కొంత చల్లారిన పిదప మూడు మాటలు అడుగవచ్చును. ఈ దినము ఆటలో నీకు సంతోషము కలిగించినది ఏది? ఏది కష్టమనిపించినది? రేపు దేనిని అభ్యసింతువు? బిడ్డ సమాధానము చెప్పనిచో బలవంతము వలదు. ప్రక్కన కూర్చుండుటయు ఓదార్పే. ఏడ్చు మగపిల్లవానిని “ఆడపిల్లవలె ఏడ్తువా?” అని ఎగతాళి చేయుట మానవలెను. దానివలన బాలునికి సిగ్గు, వినుచున్న బాలికకు చిన్నతనము కలుగును.

ఓటమి పిదప బిడ్డ వారముల తరబడి ఎవరితోను పలుకక, నిద్రాహారములు మాని, చావు మాట ఎత్తినచో దానిని మారాముగా త్రోసివేయరాదు. 14416 అను టెలిమానస్ నంబరుకు ఫోను చేసినచో ఏ వేళనైనను మానసిక ఆరోగ్య సలహా ఉచితముగా లభించును. బాలలకు ఎట్టి ఆపద కలిగినను 1098 నంబరు కలదు. శిక్షకుడుగాని, మరెవ్వరుగాని బిడ్డపట్ల అసభ్యముగా ప్రవర్తించినచో 2012 నాటి పోక్సో చట్టము క్రింద అది తీవ్ర నేరము. బిడ్డ చెప్పిన మాటను నమ్మి, వెంటనే ఫిర్యాదు చేయవలెను.

బాలికలను బరినుండి తప్పింపకుడు

పన్నెండు, పదమూడేండ్లు రాగానే అనేక బాలికల ఆట ఆగిపోవుచున్నది. “పెద్దమనిషి అయినది, ఇక గంతులేల?” అను మాట నేటికిని వినబడుచున్నది. ఋతుకాలము ఆటకు అడ్డు కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న దినమున విశ్రాంతి తీసికొనవచ్చును. తక్కిన దినములలో ఆడుట ఆరోగ్యమునకు మేలే. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో 59 శాతము మందికి రక్తహీనత కలదు. ఆడునప్పుడు త్వరగా అలసట, ఆయాసము కలుగు బాలికను సోమరియనక, రక్తపరీక్ష చేయింపవలెను. పాఠశాలలోను, అంగన్‌వాడీలోను వారము వారము ఇచ్చు ఇనుము మాత్రలు మ్రింగించుట, నులిపురుగుల మందు వేయించుట, మునగాకు, తోటకూర, పప్పు, గ్రుడ్డు పెట్టుట మరువరాదు.

శ్రీకాకుళం జిల్లా పల్లెలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళయైనది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి బుద్ధిమాంద్యము కారణముగా చిన్ననాట ఎగతాళికి గురియైనది. ఆమెయే 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగులో కాంస్యపతకము తెచ్చినది. అందరి బిడ్డలును పతకములు తేనక్కరలేదు. కాని ఏ బిడ్డను “దీనివలన ఏమగును” అని ప్రక్కకు నెట్టరాదని ఈ ఇరువురి చరిత్ర చెప్పుచున్నది.

కొన్ని జాగ్రత్తలు

వేసవిలో ఉదయము 10 గంటల పిదప, సాయంత్రము 4 గంటలకు ముందు ఎండలో ఆడనీయరాదు. ఆటకు ముందును, నడుమను, తరువాతను నీరు త్రాగించవలెను. దాహము వేయువరకు ఆగరాదు. తల తిరిగి, ఒళ్ళు కాలి, మాట తడబడినచో నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరుచు, వెంటనే ఆసుపత్రికి తరలింపవలెను. ఉరుము వినబడగనే మైదానము విడిచి పక్కా కట్టడములోనికి పోవలెను. చెట్టు క్రింద నిలువరాదు. తలకు గట్టి దెబ్బ తగిలి, కొద్దిసేపైనను మైకము కలిగిన బిడ్డను ఆ దినము తిరిగి ఆడింపరాదు, వైద్యునికి చూపవలెను. బరిలో రాళ్ళు, గాజు పెంకులు, ముండ్లు ఏరివేయవలెను. 10వ ఏటను, 16వ ఏటను ఇచ్చు ధనుర్వాతపు టీకా తప్పనీయరాదు.

గ్రామము చేయదగిన పని

పురుషుల కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. చుట్టును మూడేసి మీటర్లు విడిచినను ఎనిమిది సెంట్ల నేలకు మించదు. ఎనిమిది సెంట్ల ఆటస్థలమును కాపాడుకొనలేని పంచాయతీ ఉండరాదు. ఉన్న స్థలమును ఆక్రమణ నుండి రక్షించి, ఏటేట ఒక ట్రాక్టరు ఇసుకమట్టి పోయించి, త్రాగునీటి సదుపాయము కల్పించినచో చాలును. సాయంకాలము ఒక గంటసేపు పిల్లలను కనిపెట్టుకొని యుండుటకు యువజన సంఘమువారు వంతులు వేసికొనవచ్చును. బాలికలకు వేరుగా వేళ కేటాయించి, మహిళాసంఘ సభ్యురాలు ఒకరు అచట నుండినచో తల్లులకు ధైర్యము కలుగును.

హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జన్మదినమైన ఆగస్టు 29ని 2012 నుండి జాతీయ క్రీడాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ దినమున నలుగురు విజేతలకు కప్పులు పంచుటతో సరిపుచ్చక, ఊరిలోని ప్రతి బిడ్డయు ఏదో ఒక ఆట ఆడునట్లు ఏర్పాటు చేయుడు. అంగవైకల్యము గల బిడ్డకును తగిన ఆట చూపుడు. తాతలను, అమ్మమ్మలను పిలిచి, వారి నాటి ఆటలను పిల్లలకు నేర్పించుడు.

నేటి బాలుడు రేపు పంట పోయిన రైతు కావచ్చును, ఉద్యోగము దొరకని పట్టభద్రుడు కావచ్చును, కుటుంబభారము మోయు తల్లి కావచ్చును. ఆ దినమున వారికి అక్కరకు వచ్చునది గోడమీది కప్పు కాదు. పడిన పిదప లేచుట, పదిమందితో కలసి నడచుట అను అలవాటు. ఆ అలవాటు చిన్ననాడే పడవలెను. కనుక ఈ సాయంకాలమే మీ బిడ్డను ఒక గంటసేపు ఆటకు పంపుడు. తిరిగి వచ్చినప్పుడు “గెలిచితివా?” అని కాక “బాగా ఆడితివా?” అని అడుగుడు.